2.25 కాదు, 3.15 ఎందుకు?

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పది దాకా తెలుగు మీడియం. ఇప్పుడు అనంతపురంలో హాస్టల్లో ఉంటూ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నా, ఇంగ్లీషు మీడియం. మోల్స్, మోలారిటీ లెక్కలంటేనే కాళ్లూ చేతులూ ఆడవు. ల్యాబ్‌లో 250 మిల్లీలీటర్ల 0.1 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం తయారు చేయమన్నారు. నేను లెక్కకట్టి 2.25 గ్రాములు అన్నా. పక్కమ్మాయి 3.15 అనింది. ఆమెదే కరెక్టని చెప్పి సారు వెళ్లిపోయినారు. నా లెక్క మళ్లీ మళ్లీ చూసుకున్నా, తప్పు కనపడలేదు. ఇంకోటి, ఫార్ములాలో 1000తో ఎప్పుడు గుణించాలో ఎప్పుడు భాగించాలో తెలియక సగం లెక్కలు పోతున్నాయి. చివరిగా, మా ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 2.4 మిల్లీగ్రాములని వచ్చింది. ‘నువ్వు కెమిస్ట్రీ చదువుతాండావు గదా, ఇది ఎక్కువా తక్కువా చెప్పు’ అంటాండాడు మా నాయన. దీన్ని మోలారిటీలోకి మార్చి చెప్పాలా? — పేరు వేయొద్దు, అనంతపురం.

జవాబు: నీ గుణకారంలో తప్పు లేదమ్మా. అందుకే ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. తప్పు కాగితం మీద జరగలేదు, అలమరాలోని సీసా దగ్గర జరిగింది.

నువ్వు చేసిందేమిటో చూద్దాం. 250 మిల్లీలీటర్లంటే 0.25 లీటరు. 0.1 మోలార్ అంటే లీటరు ద్రావణంలో 0.1 మోల్, ఆ చొప్పున 0.25 లీటరుకు 0.025 మోల్ కావాలి. ఆక్సాలిక్ ఆమ్లం అణువులో రెండు హైడ్రోజన్లు, రెండు కార్బన్లు, నాలుగు ఆక్సిజన్లు. 2 + 24 + 64 = 90, అంటే ఒక మోల్ బరువు 90 గ్రాములు. ఆ 90ని 0.025తో గుణిస్తే 2.25. కాగితం మీది ఆక్సాలిక్ ఆమ్లానికి ఇది నూటికి నూరుపాళ్లూ సరైన జవాబు.

కానీ మీ ల్యాబ్‌లో ఉన్నది ఆ ఆమ్లం కాదు. రేపు వెళ్లి సీసా మీది లేబుల్ చదువు. పేరు చివర డైహైడ్రేట్ అనో, స్ఫటికాలు అనో ఉంటుంది. దాని కింద మోలార్ ద్రవ్యరాశి 126.07 అని అచ్చేసి ఉంటుంది. ఆ తెల్లటి పలుకుల్లో ఒక్కో ఆమ్ల అణువుకు రెండేసి నీటి అణువులు లెక్కగా అమరి ఉంటాయి. తడి తగిలి చేరిన నీళ్లు కావవి, స్ఫటికం కట్టుబడిలోనే ఉన్న నీళ్లు. అందుకే స్ఫటిక జలం అంటాం. రెండు నీటి అణువులకు 36. 90 + 36 = 126. త్రాసుకు ఆమ్లమేదో నీళ్లేవో తెలియదు, రెంటినీ కలిపే తూస్తుంది. కాబట్టి 0.025 × 126 = 3.15 గ్రాములు. పక్కమ్మాయి లేబుల్ చదివి ఉంటుంది, లేదా వాళ్ల సీనియర్ల రికార్డు చూసి ఉంటుంది. ఏదైనా అంకె మాత్రం సరైనదే.

మరి ఫ్లాస్కులో కరిగాక ఆ స్ఫటిక జలం ఏమవుతుంది? మిగతా నీళ్లలో కలిసిపోతుంది, అంతే. ఒక మోల్ స్ఫటికాలు వేస్తే ద్రావణంలో ఒక మోల్ ఆమ్లమే ఉంటుంది, రెండూ కాదు, ముప్పావూ కాదు. తూకం వేసేటప్పుడు మాత్రమే ఆ 36ను పట్టించుకోవాలి.

నీ 2.25 గ్రాములే తూచి ద్రావణం చేసి ఉంటే ఏమయ్యేదో కూడా చూడు. 2.25ను 126తో భాగిస్తే 0.01786 మోల్. దాన్ని 0.25 లీటరుతో భాగిస్తే 0.0714 మోలార్. సీసా మీద మాత్రం 0.1 అని చీటీ అంటించి ఉంటావు. దాంతో పొటాషియం పర్మాంగనేటును టైట్రేషన్ చేశావనుకో, అంటే బ్యూరెట్‌లోంచి చుక్కచుక్కగా పోస్తూ దాని బలం కనుక్కున్నావనుకో. అసలు 0.1 మోలార్ ఆమ్లం 10 మిల్లీలీటర్లు తీసుకుంటే, 0.02 మోలార్ పర్మాంగనేటు 20 మిల్లీలీటర్లు పట్టాలి. నీ పలచటి ఆమ్లానికి 14.3 దగ్గరే గులాబీ రంగు నిలిచిపోతుంది. నువ్వేమో చీటీని నమ్మి లెక్కకట్టి పర్మాంగనేటు 0.028 మోలార్ అని రాస్తావు. అంటే ఉన్నదానికన్నా 40 శాతం ఎక్కువ. బ్యూరెట్ బాగానే చదివావు, రంగు సరిగ్గానే పట్టావు, మూడు రీడింగులూ కలిశాయి, అయినా జవాబు తప్పు! ల్యాబ్‌లో చాలామంది బ్యూరెట్‌ను తిట్టుకునేది ఇలాంటి చోటే.

ఈ చిక్కు ఒక్క ఆక్సాలిక్ ఆమ్లానిదే కాదు. మోర్ లవణంలో ఆరు నీటి అణువులుంటాయి, మోలార్ ద్రవ్యరాశి 392. కాపర్ సల్ఫేటు నీలి స్ఫటికాల్లో ఐదు, 249.7. సోడియం కార్బొనేటు రెండు రకాలుగానూ దొరుకుతుంది. పొడిది 106, పది నీటి అణువులున్నది 286. ఏ సీసా తీశావో చూడకుండా లెక్క మొదలుపెట్టకు.

ఇక్కడే నీ రెండో ప్రశ్నకూ దారి దొరుకుతుంది. మోలారిటీ లెక్క ఏదైనా సరే, ముందు రెండు ప్రశ్నలకు జవాబు రాసుకో. వేటిని లెక్కపెడుతున్నాను? అవి మొత్తం ఎంత ద్రావణంలో ఉన్నాయి? ఈ రెండూ మాటల్లో రాశాక ఫార్ములా అవసరం దాదాపు ఉండదు. రాయకుండా ఫార్ములా పట్టుకుంటే 90కీ 126కీ తేడా అది చెప్పదు.

మోల్ అంటే లెక్క అమ్మా, బరువు కాదు. మీ ఇంట్లో శెనక్కాయ విత్తుతారు కదా, విత్తనాన్ని ఎట్లా అంచనా వేస్తారో మీ నాయన్ను అడుగు. సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, గింజకు గింజకు 10 సెంటీమీటర్లు వదిలితే ఎకరాకు దాదాపు 1,35,000 గింజలు కావాలి. ఎవరూ కూర్చుని అన్ని గింజలు లెక్కపెట్టరు. నూరు గింజల బరువు చూస్తారు. అది 40 గ్రాములుంటే ఎకరాకు 54 కిలోలు. గింజ లావుగా ఉండి నూటికి 50 గ్రాములు తూగితే అదే ఎకరాకు 67 కిలోలు దాటుతుంది. చేనుకు కావలసింది గింజల సంఖ్య, అంగట్లో తూచేది బరువు. రెంటికీ మధ్య వారధి ఆ నూరు గింజల బరువు. రసాయన శాస్త్రంలో నూరుకు బదులు 6.022 × 10²³ పెట్టుకున్నాం. అన్ని కణాల బరువే మోలార్ ద్రవ్యరాశి. సోడియం క్లోరైడుకు 58.5 గ్రాములు, గ్లూకోజుకు 180, నీటికి 18.

(పాత పుస్తకాల్లో 12 గ్రాముల కార్బన్-12లో ఉన్నన్ని పరమాణువులు ఒక మోల్ అని ఉంటుంది. 2019 మే 20 నుంచి ఆ నిర్వచనం మారింది. 6.02214076 × 10²³ కణాలు ఒక మోల్, అంతే, కార్బన్‌తో పని లేదు. ఆ సంఖ్యకు పేరిచ్చిన అవగాడ్రోకు తన జీవితకాలంలో ఆ సంఖ్య ఎంతో తెలియదు. ఆయన 1856లో పోయాడు, మొదటి అంచనా 1865లో లోష్మిట్ వేశాడు.)

లెక్కపెట్టడం ఎందుకు, కిలోలతో పని జరగదా అంటావేమో. చీనీ (బత్తాయి) తోటల్లో తెగుళ్లకు కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమం చూడు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. కిలోకు కిలో, సరిసమానమని అనిపిస్తుంది. మోల్స్‌లోకి మార్చు. మైలుతుత్తమంటే ఆ నీలి కాపర్ సల్ఫేటే. 1000ని 249.7తో భాగిస్తే 4 మోల్స్. వంద లీటర్లలో 4 మోల్స్ అంటే రాగి 0.04 మోలార్. కాల్చిన సున్నం మోలార్ ద్రవ్యరాశి 56, కాబట్టి కిలోలో దాదాపు 18 మోల్స్. నీళ్లలో వేస్తే అది కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. ఒక రాగి అయానును హైడ్రాక్సైడుగా కట్టిపడేయడానికి ఒక కాల్షియం హైడ్రాక్సైడ్ చాలు. అంటే 4 మోల్స్ సున్నం, 224 గ్రాములు సరిపోవాలి. అయినా కిలో వేస్తారు. రాగి స్వేచ్ఛగా మిగిలితే ఆకు మాడుతుంది, అంగట్లో దొరికే సున్నమేమో ఎంత స్వచ్ఛమో నమ్మలేం, అందుకని ఆ మిగులు. రైతులు ఇనుప కత్తి ముంచి చూసేది దీనికోసమే. కత్తి మీద ఎర్రగా రాగి పూత పడితే రాగి ఇంకా మిగిలి ఉన్నట్టు, మరికొంత సున్నపు తేట పోస్తారు. అదీ ఒక టైట్రేషనే, బ్యూరెట్ లేదంతే.

ఇక ఆ 1000 గొడవ. మీకు నేర్పిన ఫార్ములా ఇదై ఉంటుంది: బరువును మోలార్ ద్రవ్యరాశితో భాగించి, 1000తో గుణించి, మిల్లీలీటర్లతో భాగించమని. అందులో 1000 ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకుండానే బట్టీ పట్టిస్తారు, అది నాకు గిట్టదు. ఆ 1000 చేసేది ఒక్కటే, మిల్లీలీటర్లను లీటర్లుగా మార్చడం. ప్రశ్నలో లీటర్లే ఇస్తే దాని అవసరమే లేదు, కానీ బట్టీ పట్టిన చెయ్యి వేసేస్తుంది. నా సలహా ఏమిటంటే, ఆ ఫార్ములాను పక్కన పెట్టు. లెక్క మొదటి వరసలోనే ఘనపరిమాణాన్ని లీటర్లలో రాసుకో. రెండో వరసలో మోల్స్. మూడో వరసలో భాగహారం. ప్రతి అంకె పక్కనా దాని ప్రమాణం రాయి. గ్రాములను గ్రాములు పర్ మోల్‌తో భాగిస్తే మోల్స్ మిగలాలి. ఇంకేదైనా మిగిలితే ఎక్కడో తిరగేశావన్నమాట.

టైట్రేషన్ లెక్కలకైతే ఇంకా సులువైన దారి ఉంది. మిల్లీలీటర్లను మోలారిటీతో గుణిస్తే నేరుగా మిల్లీమోల్స్ వస్తాయి, 1000 ఊసే ఉండదు. 10 మిల్లీలీటర్ల 0.1 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లంలో 1 మిల్లీమోల్ ఆమ్లం. ఐదు ఆక్సాలిక్ అణువులకు రెండు పర్మాంగనేట్లు ఖర్చవుతాయి కాబట్టి 1 మిల్లీమోల్ ఆమ్లానికి 0.4 మిల్లీమోల్ పర్మాంగనేటు. బ్యూరెట్ రీడింగు 20 వస్తే 0.4ను 20తో భాగించు, 0.02. పైన నేను చెప్పిన అంకెలన్నీ ఇట్లా నోటి లెక్కగా వచ్చినవే.

నార్మాలిటీ గురించి నువ్వు అడగలేదు, నేనూ సాగదీయను. మోల్‌కు ఎన్ని హైడ్రోజన్ అయాన్లు లేదా ఎలక్ట్రాన్లు మారతాయో ఆ సంఖ్యతో మోలారిటీని గుణిస్తే అది నార్మాలిటీ. ఆమ్ల మాధ్యమంలో పర్మాంగనేటుకు 5, ఆక్సాలిక్ ఆమ్లానికి 2. పాత రికార్డుల్లో, కొన్ని కంపెనీల ల్యాబుల్లో ఇప్పటికీ కనపడుతుంది, చూసి కంగారుపడొద్దు.

సీసాలోని గాఢ ఆమ్లం లెక్కలూ పరీక్షలో అడుగుతారు. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం, సాంద్రత 1.84 అని ఇస్తారు. ఇక్కడా ఆ రెండు ప్రశ్నలే. ఒక లీటరు ద్రావణం తీసుకో, బరువు 1840 గ్రాములు. అందులో నూటికి 98 పాళ్లే ఆమ్లం. ఆ ఆమ్లం మోలార్ ద్రవ్యరాశీ 98. పైనా కిందా 98 కొట్టుకుపోయి 18.4 మోలార్ మిగులుతుంది. దీన్ని పలచన చేసేటప్పుడు మాత్రం నీళ్లలోకి ఆమ్లం పోయాలి, కొద్దికొద్దిగా, కలుపుతూ. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే ఆ వేడికి చిమ్మి ముఖాన పడుతుంది. ఇది మార్కుల విషయం కాదు.

రెండో ప్రశ్న, ‘ఎంత ద్రావణంలో’ అన్నది, వినడానికి సులువుగానే ఉంటుంది గానీ పిల్లలు ఎక్కువగా జారేది అక్కడే. లీటరు ద్రావణం వేరు, లీటరు నీళ్లు వేరు. ఒక మోల్ చక్కెర, 342 గ్రాములు, లీటరు నీళ్లలో వేశావనుకో. చక్కెర కూడా చోటు తీసుకుంటుంది కదా, మొత్తం సుమారు 1.2 లీటర్లవుతుంది. అంటే మోలారిటీ 1 కాదు, దాదాపు 0.83. ఒక మోలార్ కావాలంటే ముందు తక్కువ నీళ్లలో చక్కెర కరిగించి, తర్వాత ఫ్లాస్కు మెడ మీది గీత దాకా నీళ్లు నింపాలి. లీటరు నీళ్లలో మోల్ చక్కెర వేసింది వృథా ఏమీ కాదులే, దాని పేరు వేరు. కిలో ద్రావణికి (కరిగించుకునేదానికి, ఇక్కడ నీళ్లకు) ఒక మోల్, అంటే ఒక మొలాల్. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే పేజీలో చెప్పడం వల్లే అవి తలలో కలగాపులగం అవుతాయి.

మన ఎండలకు ఇంకో చిన్న సంగతి. 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే నీళ్లు 0.6 శాతం దాకా వ్యాకోచిస్తాయి. మోల్స్ అవే, ఘనపరిమాణం పెరిగింది, కాబట్టి మోలారిటీ ఆ మేరకు తగ్గుతుంది. మొలాలిటీకి ఈ బాధ లేదు, బరువు వేడికి మారదు. ఫ్లాస్కు మీద ఒక ఉష్ణోగ్రత చెక్కి ఉండేది ఇందుకే. ఇంటర్ ప్రాక్టికల్స్‌కు ఈ తేడా పట్టించుకోనక్కర లేదు గానీ, సోడియం హైడ్రాక్సైడు కరిగించగానే ఫ్లాస్కు చేతికి వేడిగా తగులుతుంది చూడు, అది చల్లారకముందే గీత దాకా నింపొద్దు. అన్నట్టు ఆ సోడియం హైడ్రాక్సైడును ఎంత జాగ్రత్తగా తూచినా దాని మోలారిటీ నమ్మదగింది కాదు. గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడునూ పీల్చుకుంటూ ఉంటుంది. అందుకే దాన్ని ఆక్సాలిక్ ఆమ్లంతో టైట్రేషన్ చేసి అసలు బలం కనుక్కుంటాం. తూకం తప్పితే మొత్తం తప్పే ఆ ఆక్సాలిక్ ఆమ్లం మీద నేను ఇంతసేపు కూర్చున్నది ఇందుకే.

ఇక మీ నాయన ప్రశ్న. మూడింటిలో అసలైన ప్రశ్న ఇదే.

ముందు సూటిగా జవాబు: ఎక్కువే. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. మీది 2.4. ఇట్లాంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు వస్తున్న వయసు పిల్లలకు పళ్లు గారపట్టే ప్రమాదం ఉంది. ఈ మాట చెప్పడానికి మోలారిటీ అక్కర లేదు. ప్రమాణం మిల్లీగ్రాముల్లో ఉంది, రిపోర్టూ మిల్లీగ్రాముల్లో ఉంది, రెంటినీ పక్కన పెట్టి చూడడమే. మీ నాయనకు 10 ఘాతం మైనస్ 4 అని చెప్పి అక్కరకు రాని చదువనిపించుకోకు.

నీ అభ్యాసానికైతే మార్చి చూసుకో. ఫ్లోరిన్ 19. 2.4 మిల్లీగ్రాములను 19తో భాగిస్తే లీటరుకు 0.126 మిల్లీమోల్, అంటే 1.26 × 10⁻⁴ మోలార్. (ఇక్కడ మళ్లీ 126 వచ్చిందని ఆక్సాలిక్ ఆమ్లంతో ముడిపెట్టేవు, కాకతాళీయం.) అవగాడ్రో సంఖ్యతో గుణిస్తే లీటరు నీళ్లలో దాదాపు 7.6 × 10¹⁹ ఫ్లోరైడ్ అయాన్లు. ఇక్కడ లెక్కపెట్టింది ఫ్లోరైడ్ అయానును, సోడియం ఫ్లోరైడును కాదు. 2.4 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు అని ఉంటే మోలార్ ద్రవ్యరాశి 42, అందులో ఫ్లోరైడ్ 1.09 మిల్లీగ్రాములే అయ్యేది.

అదే రిపోర్టులో నైట్రేటు వరస కూడా ఉంటుంది చూడు. దాని హద్దు మన దగ్గర 45 మిల్లీగ్రాములు. అమెరికా ప్రమాణంలో అదే నైట్రేటుకు 10 అని కనపడుతుంది. వాళ్లు నాలుగింతలు కఠినంగా ఉన్నారనుకుంటాం. కాదు. మనం నైట్రేటు అయానును మొత్తంగా తూస్తున్నాం, అది 62. వాళ్లు అందులోని నైట్రోజన్‌ను మాత్రమే తూస్తున్నారు, అది 14. 45ను 62తో భాగిస్తే 0.726 మిల్లీమోల్. దాన్ని 14తో గుణిస్తే 10.2. మోల్స్‌లో చూస్తే రెండూ ఒక్కటే హద్దు. మోలారిటీ నిజంగా పనికొచ్చేది ఇట్లాంటి చోట.

మన జిల్లాలో ఫ్లోరైడ్ బోర్లలోకి ఎవరూ కలిపింది కాదు. గ్రానైట్, నైస్ రాళ్లలోని ఖనిజాల్లోనే ఉంది. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో అది కాల్షియం ఫ్లోరైడుగా అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీళ్లలో కరిగే ఉండిపోతుంది. వానలు తక్కువ, నీళ్లు రాళ్లలో చాలాకాలం నిలుస్తాయి, అదొకటి తోడు.

ఇంట్లో ఎవరైనా ‘బాగా కాచి తాగితే పోతుంది’ అంటే ఒప్పుకోవద్దు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ ఆవిరి కాదు. రెండు లీటర్లు కాచి ఒకటిన్నర మిగిల్చావనుకో, ఫ్లోరైడ్ మోల్స్ అన్నీ అందులోనే ఉంటాయి, ఘనపరిమాణం తగ్గింది. 2.4 × 2 ÷ 1.5 = 3.2. కాచి ఇంకా పెంచుకున్నట్టు. మామూలు క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపదు. ఆర్‌వో యంత్రం తగ్గిస్తుంది, పటికా సున్నంతో చేసే నల్గొండ పద్ధతీ తగ్గిస్తుంది.

ఇదే లెక్కను తిరగేస్తే పలచన చేయడం. ఫ్లోరైడ్ లేని నీళ్లు కలిపి 2.4ను 1కి దించాలంటే, 2.4 × 1 లీటరు = 1 × ఎంత? 2.4 లీటర్లు. అంటే లీటరు బోరు నీళ్లకు 1.4 లీటర్ల వాన నీళ్లు. పరీక్షలో మోలారిటీని ఘనపరిమాణంతో గుణించి రెండు వైపులా సమానం పెట్టే సూత్రం ఇదే, బయట ఎక్కడా కొత్త విద్య కాదు. ఆ 1.4 లీటర్ల వాన మన వైపు ఎక్కణ్ణుంచి తేవాలన్నది మాత్రం కెమిస్ట్రీ చెప్పదు! ఇంటి కప్పు మీద పడే వానను తొట్టిలోకి మళ్లించుకున్నవాళ్లు అదృష్టవంతులు.

కాబట్టి మీ నాయనకు ఇట్లా చెప్పు. ఈ బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు, పశువుల కొట్టం కడగడానికి వాడుకోవచ్చు. తాగడానికి, వంటకు వద్దు. ఊళ్లో సత్యసాయి పథకం కొళాయి వస్తుంటే తాగడానికి అవే పట్టుకోండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి మళ్లీ పరీక్ష చేయించండి, అంకె మారుతుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆలస్యం చేయొద్దు.

చివరిగా నీకో పని. మందుల షాపులో లీటరు నీళ్లకు సరిపోయే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి కొను, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసున్నది చూసి. అందులో ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.9, గ్లూకోజు 13.5 ఉంటాయి. లీటరు ద్రావణంలో సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజు 75 అని ఉంటుంది. గ్లూకోజు సంగతి నోటితోనే తేలిపోతుంది. సోడియం మాత్రం ఉప్పు నుంచి 44 దాకానే వస్తుంది. మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చిందో, సిట్రేటు మోలార్ ద్రవ్యరాశి 258 తీసుకోవాలా 294 తీసుకోవాలా, ఒక్కో మోల్‌కు ఎన్ని సోడియంలో నువ్వే తేల్చు. 74 చిల్లర రావాలి, దాన్నే 75 అని వేస్తారు. అది వచ్చాక, ఇదే ప్యాకెట్టును లీటరుకు బదులు ఒక గ్లాసు నీళ్లలో, 200 మిల్లీలీటర్లనుకుందాం, కలిపి తాగేవాళ్ల కడుపులోకి సోడియం ఎంత గాఢతతో పోతోందో లెక్కకట్టు. లెక్క మొత్తం ప్రమాణాలతో సహా రాసి పంపు, దిద్ది పంపుతా.